అమ్మ ట్రంకుపెట్టెలో రెండు కాగితాలు

మొన్న సంక్రాంతికి నల్లగొండ వెళ్ళినప్పుడు అమ్మ ట్రంకుపెట్టె సర్దే పని నా నెత్తిన పడింది. పట్టుచీరల మడతల కింద, కలరా ఉండల వాసన మధ్య, ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచిన రెండు కాగితాలు కనిపించాయి. ఒకటి 1980 నాటి సిమెంటు పర్మిటు. రెండోది ఒక సిమెంటు కంపెనీ షేరు సర్టిఫికెట్టు. వంద షేర్లు, షేరు పది రూపాయలు, అమ్మ పేరు మీద.

"ఇవెందుకమ్మా ఇంకా?" అన్నాను.

"ఉండనీ బిడ్డా. ఒకటి ఇల్లు కట్టిచ్చింది, ఇంకోటి కుక్కరు కొనిచ్చింది. పారేస్తే మనసొప్పుతదా?" అంది అమ్మ.

నేను బి.ఏ. చదివినదాన్ని. బ్యాలెన్సు షీటు చూస్తే నాకు జాతకచక్రం చూసినట్టే ఉంటుంది. అయినా ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే, పెద్దపెద్ద వాళ్ళు ఆర్థిక సంస్కరణలు అని చెప్పేదంతా వాటి మధ్యనే ఉన్నదనిపించింది. ఆ కథే మీకు చెబుతాను. వంటపని ఉంటే చూసుకుని వచ్చి తీరిగ్గా చదవండి.

ముందు పర్మిటు సంగతి. మా ఇల్లు కట్టేనాటికి నేనింకా పుట్టలేదు. ఇదంతా అమ్మ చెప్పగా విన్నదే. ఆ రోజుల్లో డబ్బుంటే చాలు సిమెంటు వస్తుందనుకుంటే పొరపాటు. అర్జీ పెట్టుకోవాలి. ఇంటి ప్లాను చూపించాలి. ఎన్ని బస్తాలు కావాలో రాసివ్వాలి. బాపు అరవై బస్తాలకు అర్జీ పెడితే పాతిక మంజూరయ్యాయట. ఆ పాతిక బస్తాలూ వచ్చిన రోజున వాటిని దించుకోవడానికి చోటు లేక, వాన పడితే గడ్డకడతాయని, దేవుడి గదిలో పేర్చారట. "పది రోజులు సిమెంటు బస్తాల మీదనే దీపం పెట్టిన" అని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. ఖాళీ అయిన జనపనార సంచులు కూడా వృథా పోలేదు. వాటిని ఉతికి, అంచులు కుట్టి కాళ్ళ పట్టాలు చేసింది.

మిగతా ముప్ఫై అయిదు బస్తాలు? అవి చీకటి బజారులో కొన్నవే. అందులో ఎంత సిమెంటో, ఎంత బూడిదో ఆ దేవుడికే తెలియాలి. మా వంటింటి గోడ ఒకటి ఈనాటికీ పొడిపొడిగా రాలుతూ ఉంటుంది.

ఈ పర్మిటు ఎక్కడి నుంచి వచ్చింది? రెండో ప్రపంచ యుద్ధకాలంలో, సైన్యం అవసరాల కోసం, సిమెంటు ధర మీదా పంపిణీ మీదా సర్కారు అదుపు మొదలైంది. యుద్ధం ముగిసింది, తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు, అదుపు మాత్రం ఏదో ఒక రూపంలో మిగిలిపోయింది. ఉద్దేశం మంచిదే. ఆనకట్టలు కట్టాలి, ఆసుపత్రులు కట్టాలి, ఉన్న కాస్త సిమెంటూ షావుకార్ల మేడలకే పోతే ఎలాగ? అందుకని గవర్నమెంటు ఫ్యాక్టరీకయ్యే ఖర్చు లెక్కగట్టి, దాని మీద ఇంత మిగులు చాలని తేల్చి, ధర నిర్ణయించేది.

చిక్కంతా అక్కడే వచ్చింది. బొగ్గు ధర, కరెంటు ధర, రైలు కిరాయి ఎప్పటికప్పుడు పెరిగేవి. సిమెంటు ధర మాత్రం ఢిల్లీలో ఫైలు కదిలినప్పుడే పెరిగేది. మిగిలేది అంతంతమాత్రమైతే కొత్త ఫ్యాక్టరీ ఎవరు పెడతారు? 1970-71లో దేశం మొత్తం మీద సుమారు 143 లక్షల టన్నుల సిమెంటు తయారైతే, పదేళ్ళ తర్వాత 1980-81లో అది 186 లక్షల టన్నులు మాత్రమే. దేశంలో ఇళ్ళు కట్టుకోవాలన్న కోరిక మాత్రం ఆ లెక్కన ఆగలేదు కదా! విదేశాల నుంచి ఓడల్లో సిమెంటు తెప్పించుకోవలసి వచ్చింది. కొండంత సున్నపురాయి ఉన్న దేశానికి ఆ గతి పట్టింది.

కరువున్న చోట కోటాలు, కోటాలున్న చోట చేతివాటం తప్పవు. 1981లో మహారాష్ట్రలో బిల్డర్లకిచ్చిన సిమెంటు కోటాలకూ, ముఖ్యమంత్రి అంతులే పెట్టిన ట్రస్టులకు వచ్చిన విరాళాలకూ లంకె ఉందని పత్రికల్లో పెద్ద గగ్గోలు లేచింది. 1982 జనవరిలో బొంబాయి హైకోర్టు తీర్పు వచ్చాక ఆయన పదవి వదిలారు. మరుసటి నెల, ఫిబ్రవరి 28న, కేంద్రం సిమెంటు మీద అదుపును సగం సడలించింది. పాత ఫ్యాక్టరీలు దాదాపు మూడింట రెండు వంతులు, కొత్తవి సగం మటుకు లెవీ కింద గవర్నమెంటు ధరకు ఇవ్వాలి. మిగతాది తమకు నచ్చిన ధరకు బజారులో అమ్ముకోవచ్చు.

ఇక చూడండి, మా నల్లగొండ జిల్లా రాత ఎలా మారిందో!

మీలో మట్టపల్లి నరసింహస్వామి దర్శనానికి వెళ్ళినవాళ్ళుంటారు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి చూసినవాళ్ళూ ఉంటారు. శివరాత్రికి మేళ్ళచెర్వు జాతరకు వెళ్ళినవాళ్ళు సరేసరి. ఆ దారిలో నేల చూశారా? దున్నితే నాగలికి రాయి తగిలే నేల. ఆ రాయి సున్నపురాయి. ఒక టన్ను సిమెంటుకు సుమారు టన్నున్నర సున్నపురాయి కావాలి. అంత బరువు ఎక్కడికో మోసుకుపోవడం కన్నా, రాయి ఉన్న చోటికే ఫ్యాక్టరీ రావడం నయం. అలా వచ్చాయి. రాశి, దక్కన్, నాగార్జున, సాగర్, కాకతీయ, ప్రియదర్శిని... చదువుతుంటే మా ఊరి బడిలో హాజరు పిలిచినట్టుంటుంది. హుజూర్‌నగర్, మట్టంపల్లి, మేళ్ళచెర్వు, దామరచర్ల చుట్టుపక్కల పొగగొట్టాలు లేచాయి. వీటిలో కొన్ని ఊళ్ళు 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉన్నాయిగానీ, నాకు మాత్రం అవన్నీ నల్లగొండే.

ఈ కథలో ఒక పెద్దమనిషిని తప్పక చెప్పుకోవాలి. భీమవరం దగ్గర కుముదవల్లిలో పుట్టిన బి.వి. రాజుగారు. కేంద్ర ప్రభుత్వానికి చెందిన సిమెంట్ కార్పొరేషన్‌కు అధిపతిగా పనిచేసి, ఉద్యోగం తర్వాత రాశి సిమెంట్ స్థాపించారు. సర్కారు సిమెంటు లోతుపాతులన్నీ తెలిసిన మనిషి సొంత సిమెంటు మొదలుపెట్టాడన్నమాట. వాడపల్లి దగ్గర ఫ్యాక్టరీ ఉన్న చోటికి విష్ణుపురం అని పేరు. రైలు స్టేషనుకూ అదే పేరు.

మా అమ్మ షేర్లు కొన్నది ఆ రోజుల్లోనే, 1986లో. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. చీటీ పాడి తెచ్చిన వెయ్యి రూపాయలు! "బంగారం కొనుక్కోక ఈ కాగితాలేంది?" అని బాపు మందలించారట. "పర్మిటు కోసం మీరు తిరిగిన తిరుగుడు చూసిన. సిమెంటుకు గిరాకీ ఎన్నడన్న తగ్గుతదా?" అన్నదట అమ్మ. ఏ కాలేజీలోనూ చదవకుండానే ఆమె కట్టిన లెక్క అది.

1989 మార్చి 1న ధర మీదా పంపిణీ మీదా మిగిలిన అదుపు కూడా పూర్తిగా పోయింది. రెండేళ్ళకు, 1991 జూలైలో, కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. అప్పటి ప్రధానమంత్రి మన పి.వి. నరసింహారావుగారు. పరిశ్రమల శాఖ కూడా ఆయన చేతిలోనే ఉండేది. విశ్వనాథవారి 'వేయిపడగలు'ను హిందీలోకి అనువదించిన చేత్తోనే లైసెన్సుల కట్టలు విప్పేశారు. ఆ తర్వాత సిమెంటు ఫ్యాక్టరీ పెట్టడానికి ఢిల్లీ లైసెన్సుతో పనిలేకపోయింది. 1980-81లో 186 లక్షల టన్నులన్నానే, అది 1990-91 నాటికి 488 లక్షల టన్నులయింది. 2000-01కి సుమారు పది కోట్ల టన్నులకు చేరింది. పదేళ్ళలో ముప్ఫై శాతం పెరగడానికి ఆపసోపాలు పడ్డ పరిశ్రమ ఇదేనా అనిపిస్తుంది!

లాభాలూ వచ్చాయి. అమ్మకు 1990లో మొదటి డివిడెండు వచ్చింది, నూట యాభై రూపాయలు. పోస్టుమాను తెచ్చిన ఆ కవరు దేవుడి దగ్గర పెట్టి మరీ చింపింది. ఇంకో ఏడాది డబ్బు కూడా కలిపి ప్రెషర్ కుక్కరు కొంది. మా ఇంట్లో అన్నం ఈల వేసిన మొదటి రోజు అదే.

కథ ఇక్కడితో ఆగిపోతే, పగ్గం తీసేస్తే లాభాలు పొంగుతాయని రాసేసి నేనూ పెన్ను మూసేద్దును. కానీ కథ ఆగలేదు.

మీ వీధిలో ఒకే ఒక ఇడ్లీ బండి ఉందనుకోండి. బాగా సాగుతుంది. అది చూసి ఇంకొకడు పెడతాడు. ఏడాది తిరిగేసరికి ఆరు బండ్లు. తినేవాళ్ళ సంఖ్య పెరిగిందిగానీ ఆరింతలు కాలేదు. అప్పుడేమవుతుంది? నాలుగు ఇడ్లీలు ఇచ్చేవాడు అయిదు ఇస్తాడు. కొనేవాళ్ళకు పండగ, అమ్మేవాడికి దండగ.

సిమెంటుతో ఇంకో చిక్కుంది. ఇడ్లీ బండివాడు గిరాకీ లేకపోతే పొయ్యి ఆర్పేసి ఇంటికి పోగలడు. సిమెంటు బట్టీలో సుమారు 1,450 డిగ్రీల వేడి ఉంటుంది. దాన్ని ఆర్పడమూ నష్టమే, మళ్ళీ రాజేయడమూ నష్టమే. అందుకని ధర పడిపోయినా తయారుచేస్తూనే ఉంటారు. బ్యాంకు వడ్డీ ఎలాగూ ఆగదు. దూరం పంపుదామంటే బరువైన సరుకు, కిరాయిలకే సరిపోతుంది. ఒకే సున్నపురాయి పరుపు మీద వరసగా కట్టిన ఫ్యాక్టరీలన్నీ ఒకే హైదరాబాదు బజారు మీద పడ్డాయి. 1990ల చివరికి వచ్చేసరికి మన రాష్ట్రంలో సిమెంటు కావలసినదానికన్నా ఎక్కువైపోయింది. 1997 నుంచి అమ్మకు కవర్లు రావడం మానేశాయి. కొన్నాళ్ళకు ఆ కంపెనీ పొగగొట్టం కూడా చల్లారింది.

సంస్కరణల్లో రెండో అంకం ఇది. ధర మీద అదుపు పోతే ముందు మిగులు పెరుగుతుంది. మిగులు చూసి జనం వస్తారు. జనం వచ్చాక మిగులు కరిగిపోతుంది. అప్పుడు నిలబడేదెవరు? నాలుగేళ్ళు నష్టాన్ని ఓర్చుకోగల స్తోమత ఉన్నవాళ్ళు. వాళ్ళు చిన్నవాళ్ళను కొనడం మొదలుపెడతారు. అది మూడో అంకం.

మూడో అంకంలో మొదటి రంగం మా జిల్లాలోనే జరిగింది. తమిళనాడుకు చెందిన ఇండియా సిమెంట్స్ రాశి షేర్లను బజారులో కొనుక్కుంటూ వచ్చి, 1998లో షేరుకు 300 రూపాయలిస్తామని వాటాదార్లకు బహిరంగంగా కబురు పెట్టింది. అమ్మనని కూర్చున్న కంపెనీని వాటాదార్ల చేత అమ్మించడం మన దేశానికి అప్పటికి కొత్త. దేశమంతా పత్రికలు రాసుకున్న ముచ్చట అది. చివరికి రాజుగారు తన వాటా కూడా అదే కంపెనీకి అమ్మేశారు. అదే 1998లో, కడప జిల్లా ఎర్రగుంట్లలోని సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీని కూడా ఇండియా సిమెంట్సే కొంది. ఆయన ఒకప్పుడు ఏలిన సర్కారు సంస్థ ఫ్యాక్టరీ, ఆయన సొంతంగా పెంచిన ఫ్యాక్టరీ, రెండూ ఒకే ఏడాది ఒకే గుమ్మంలోకి వెళ్ళాయి. నవల్లో రాస్తే మా ఎడిటరుగారు నమ్మరు!

రాజుగారు ఆ తర్వాత విద్యాసంస్థల మీదే మనసుపెట్టారు. భీమవరంలో ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. ఆయన 2002లో కన్నుమూశారు.

ఇది మన ఒక్కరి కథే అనుకోకండి. మెక్సికో 1986లో వర్తక ఒప్పందంలో చేరి తలుపులు తెరిచింది. విదేశీ పోటీ వస్తుందన్న భయంతో అక్కడి సెమెక్స్ అనే సిమెంటు కంపెనీ స్వదేశంలోని పెద్ద ప్రత్యర్థులను తనలో కలుపుకుని, 1992లో స్పెయిన్‌లో కూడా కంపెనీలు కొంది. 1999లో ఈజిప్టు తన ప్రభుత్వరంగంలోని అస్యూత్ సిమెంటును ఎవరికి అమ్మిందనుకున్నారు? ఆ సెమెక్స్‌కే! పేద దేశాలు తలుపులు తీసినప్పుడు లోపలివాళ్ళలో ఒకరిద్దరు రాజులయ్యారు. మిగతావాళ్ళు ఆ రాజుల లెక్కల పుస్తకంలో ఒక పంక్తి అయ్యారు.

మన దగ్గర కూడా ఆ అంకం సాగుతూ వచ్చింది. రాజుగారి కాలంనాటి శ్రీ విష్ణు సిమెంట్ తర్వాత జువారి చేతికి వెళ్ళింది. 2008లో ఐర్లండుకు చెందిన సి.ఆర్.హెచ్. మేళ్ళచెర్వులోని మై హోమ్ సిమెంటు కంపెనీలో సగం వాటా కొంది. 2024లో దామరచర్ల మండలం గణేశ్‌పహాడ్‌లో ఫ్యాక్టరీ ఉన్న పెన్నా సిమెంట్‌ను అదానీల అంబుజా కొంది. అదే ఏడాది డిసెంబరులో, రాశిని మింగిన ఇండియా సిమెంట్స్ తానే బిర్లాల అల్ట్రాటెక్ చేతిలోకి పోయింది. చేపను మింగిన చేపను ఇంకో చేప మింగడమంటే ఇదే. అందరూ మునిగిపోయారనడం న్యాయం కాదు. దక్కన్, సాగర్ వంటివి ఇప్పటికీ సొంత పేరుతో నిలబడే ఉన్నాయి.

నలుగురైదుగురు పెద్దవాళ్ళే మిగిలినప్పుడు ధర ఎవరు నిర్ణయిస్తారు? 2012 జూన్‌లో కాంపిటీషన్ కమిషన్, సిమెంటు కంపెనీలు కూడబలుక్కుని ధరలు ఎక్కువగా ఉంచుతున్నాయని తేల్చి, పదకొండు కంపెనీల మీద సుమారు 6,300 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు కాదన్నాయి, అప్పీళ్ళు చేశాయి. ఉత్తర్వు ఒకసారి కొట్టివేతకు గురై, 2016లో మళ్ళీ వచ్చి, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. న్యాయం తేల్చవలసింది కోర్టులే, నేను కాదు. ఆ వార్త చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మాత్రం అమ్మ పర్మిటు. ఒకప్పుడు ధర ఢిల్లీ ఫైల్లో ఉండేది. దాన్ని బజారులోకి వదిలిపెట్టాం. బజారులో ఎంతమంది మిగిలారో చూసుకుంటూ ఉండటం మాత్రం మరిచిపోకూడదు.

అలాగని పాత రోజులే బాగున్నాయని నేననను. దేవుడి గదిలో పాతిక బస్తాలు పేర్చి దణ్ణం పెట్టుకున్న రోజులు ఎవరికి కావాలి? ఈనాడు ఎవరైనా దుకాణానికి ఫోను చేస్తే గంటలో బస్తాలు గుమ్మంలో దిగుతాయి. అది సంస్కరణలు మనకిచ్చిన మేలే. పుచ్చుకున్న మేలు ఒప్పుకోవాలి.

ఇంకొక్క మాట ఉంది. నల్లగొండ రాయినిస్తే, దాంతో కట్టే చేతులు పక్క జిల్లావి. పాలమూరు కూలీలని దేశమంతా పేరు. వానలు లేని మహబూబ్‌నగర్ పల్లెల నుంచి, మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని, పిల్లాజెల్లాతో గుంపులు గుంపులుగా వెళ్ళి ఎన్ని ఆనకట్టలు, ఎన్ని కాలువలు కట్టారో! 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌ను కాంక్రీటుతో కాక రాతితో కట్టారు. ఆ రాళ్ళను మోసి పేర్చింది అలాంటి కూలీల చేతులే.

హైదరాబాదులో మా ఇంటి పక్క అపార్టుమెంటు లేస్తోంది. అక్కడ ఇప్పుడు ఒడిశా వాళ్ళున్నారు, బీహారు వాళ్ళున్నారు, పాలమూరు వాళ్ళూ ఉన్నారు. మంచినీళ్ళకు మా గేటు దగ్గరికి వచ్చే ఒకామెది నాగర్‌కర్నూలు వైపు. ఈ వ్యాసం గొడవలో ఉన్నాను కదా, ఊరికే అడిగాను, "సిమెంటు రేటు పెరిగితే మీకేమన్నా తేడా ఉంటుందా?" అని.

ఆమె బిందె చంకకెత్తుకుంటూ నవ్వింది. "రేటు పెరిగినా తగ్గినా బస్తా యాభై కిలోలే గద అమ్మా!" అంది.

నేను చదివిన ఏ లాభనష్టాల లెక్కలోనూ ఆ బరువు కనిపించలేదు. ధర అదుపులో ఉన్నప్పుడూ ఆమె తల్లి అంతే మోసింది, అదుపు పోయాక ఈమె అంతే మోస్తోంది. కంపెనీల లాభం పెరిగింది, తగ్గింది, చేతులు మారింది. దానితోపాటు ఈమె కూలి ఎన్నిసార్లు మారింది?

ట్రంకుపెట్టె సర్దడం అయ్యాక ఆ షేరు కాగితం పట్టుకుని, "ఇదిక చెల్లదమ్మా" అన్నాను.

"తెలుసు. అయినా నా పేరు మీద గవర్నమెంటు పర్మిటు లేకుండా నేను కొన్న మొదటి వస్తువు అది" అంది అమ్మ. రెంటినీ మళ్ళీ అదే కవరులో పెట్టి, పట్టుచీర మడత కింద దాచింది. కుక్కరు మాత్రం ఇంకా వాడుతోంది. పిడి రెండుసార్లు మార్చారు.